మందు లేని తూటా

పోయిన వారం సమాధి దగ్గర రాయిస్ పర్సెల్ ఆడిన అబద్ధంతో ఆగాం.

టెక్సస్ ఉత్తరపు కొసన, ఎర్ర నదికి ఇవతల ఉన్న డన్‌మోర్ ఊళ్లో పర్సెల్ అన్నదమ్ములిద్దరూ గోధుమ చేలు పాడుచేస్తున్న అడవిపందుల మీదికి వెళ్లారు. తమ్ముడు గార్లండ్ చేతిలో రైఫిల్ బద్దలైంది. సైలెన్సర్ ముక్క ఒకటి మెడలో దిగింది. అన్న రాయిస్ అతన్ని ట్రక్కులోకి ఎత్తేలోపే అంతా అయిపోయింది.

ఒక తూటా పేలగానే ఇంకోదాన్ని తనంతట తానే ఎక్కించుకునే రైఫిల్ అది. పందులు బెదరకుండా వాళ్లు మందు తగ్గించి నింపిన నెమ్మది తూటాలు వాడేవాళ్లు. రైఫిల్ మూతికి ‘డబ్బా’ బిగించేవాళ్లు. సైలెన్సర్‌ని అక్కడ అందరూ డబ్బా అనే అంటారు. అప్పుడు పేలిన చప్పుడు లావుపాటి పుస్తకం మూసినంతే. ఆ నెమ్మది తూటాలతో రైఫిల్ అప్పుడప్పుడూ మొరాయించేది. చేత్తో పిడి లాగి ఇంకోటి ఎక్కించడం గార్లండ్‌కి అలవాటే. ఆ రోజు కూడా అలాగే లాగాడు. ముందు తూటాలో మందే లేదని, అడుగునున్న చిన్న పేలుడు టోపీ ఒక్కటే నెట్టిన గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుపోయిందని అతనికి తెలియలేదు. దాని వెనకే రెండోదాన్ని పేల్చాడు.

సమాధి దగ్గర షెరిఫ్ మనిషి టోపీ చేత్తో పట్టుకుని, మర్యాదగానే అడిగాడు, ఆ తూటాలు నింపిందెవరని. ‘నేనే’ అన్నాడు రాయిస్. పక్కనే నిలబడ్డ అతని భార్య నేడీన్ నోరు తెరవలేదు.

నింపింది నేడీన్.

* * *

ఆదివారం చర్చి ప్రార్థన అయిపోయాక నేడీన్ వంటింట్లో నిలబడి ఓవెన్‌లోంచి గిన్నె తీసింది. తీసి బల్ల మీద పెట్టాక గాని చేతికి గుడ్డ చుట్టుకోలేదని గమనించలేదు. అరచేతి మీద ఎర్రటి గీత తేలుతోంది. అది వేరెవరి చెయ్యో అన్నట్టు చూసి, కుళాయి కింద పెట్టింది. నీళ్లు చల్లగా ఉన్నాయో వేడిగా ఉన్నాయో కూడా ఆమెకు పట్టలేదు.

గార్లండ్ పోయిన రోజు నుంచీ ఇదే వరస. ఏడుపు రాలేదు. ఆకలి వేయలేదు. ఎవరో వచ్చి చెయ్యి పట్టుకుని ఏదో అంటారు, ఆమె తలాడిస్తుంది, వాళ్లు వెళ్లిపోతారు. ఆ తర్వాత ఎవరొచ్చారో గుర్తుండదు. చెప్పాలి అని మాత్రం రోజూ పొద్దున లేవగానే అనుకునేది. ఆ ఆలోచన కూడా గోడ అవతల ఎవరో మాట్లాడుకుంటున్నట్టే వినపడేది.

వాకిట్లో ట్రక్కు ఆగిన చప్పుడైంది. తలుపు ఎవరూ కొట్టలేదు. బూట్లు ఇంటి పక్కగా కంకర మీద నడుచుకుంటూ తిన్నగా షెడ్డు వైపు వెళ్లాయి. ఆ నడక నేడీన్‌కి తెలుసు. అది గార్లండ్ భార్య వెర్లీన్‌ది.

నేడీన్ వెళ్లేసరికి వెర్లీన్ షెడ్డు మధ్యలో నిలబడి ఉంది. చర్చికి వేసుకున్న నల్ల గౌను మీద గార్లండ్ కాన్వాస్ కోటు తొడుక్కుంది. చేతులు కోటు చేతుల్లో మునిగిపోయాయి. రాయిస్ స్టూలు మీద నుంచి లేచి ఏం చెయ్యాలో తెలియక అలాగే ఉండిపోయాడు. వారం నుంచీ అతను పగలంతా అక్కడే కూర్చుంటున్నాడు, ఏమీ ముట్టుకోకుండా.

“కూర్చో వెర్లీన్. కాఫీ తెస్తాను” అంది నేడీన్.

“కాఫీ వద్దు, యాపిల్ పై వద్దు, పళ్లెం వద్దు. మా ఫ్రిజ్ తలుపు మూసుకోవట్లేదు తెలుసా? ఊళ్లో ఆడవాళ్లందరూ కట్టకట్టుకుని ఓవెన్ గిన్నెల్లో అదే చికెన్ కాసెరోల్ చేశారు. పాస్టరుగారి భార్యదైతే కుక్క కూడా వాసన చూసి పక్కకి పోయింది. అవి పెట్టడానికి చోటు లేక గార్లండ్ బీరంతా తీసి బయట పెట్టాను. అప్పుడు ఏడ్చాను. సమాధి దగ్గర కాదు. బీరు డబ్బాలు మోస్తూ ఏడ్చాను.”

వెర్లీన్ కోటు జేబులోంచి నీలం రంగు ప్లాస్టిక్ పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. మూత మీద షెరిఫ్ ఆఫీసువాళ్లు అతికించిన కాగితం సగం చిరిగి వేలాడుతోంది.

“ఇచ్చేశారు. ప్రమాదమేనట. కేసు లేదట. సంతకం పెట్టి తీసుకెళ్లమ్మా అన్నారు, కొట్టులో మర్చిపోయిన గొడుగు ఇచ్చినట్టు.” మూత తెరిచింది. మిగిలిన తూటాలు ఇత్తడి మెరుపుతో వరసగా నిలబడి ఉన్నాయి. “విప్పు రాయిస్.”

“ఏంటి?”

“వీటిని. ఒక్కొక్కటీ విప్పు. నా కళ్ల ముందు. లోపలేముందో నేను చూడాలి.”

“చూసి ఏం చేస్తావ్? నేనే అని చెప్పాను కదా.”

“చెప్పావ్. ఆ మాట విని రోజూ పడుకుంటున్నాను, రోజూ లేస్తున్నాను. నాకు సరిపోవట్లేదు. నలభై ఏళ్ల నుంచి తూటాలు నింపే మనిషివి కదా, ఒక్కటి ఎలా తప్పింది? ఒక్కటేనా, అన్నీ అలాగే ఉన్నాయా? మా ఆయన అదృష్టం బాగోక పోయాడా, లేకపోతే ఎవరికీ పట్టక పోయాడా? ఆ రెండూ ఒకటి కాదు నాకు.”

రాయిస్ కాసేపు పెట్టె వంక చూశాడు. తర్వాత బల్ల కిందున్న సొరుగు లాగాడు. అందులో బ్రష్షులు, నూనె గుడ్డలు. అది మూసి పక్కది లాగాడు. అందులో పేలిన తూటాల ఖాళీ గుల్లలు. అతని చెయ్యి మూడో సొరుగు మీద ఆగిపోయింది.

నేడీన్ ముందుకొచ్చింది. చూడకుండానే బల్ల చివర మేకుకి వేలాడుతున్న ప్లాస్టిక్ సుత్తి అందుకుంది. తూటాని దాని తలలో బిగించి నేలకేసి కొడితే గుండు ఊడి, మందు రాలే సుత్తి అది. మందు తూచే చిన్న తక్కెడని అరలోంచి దించి, దాని కింద ఊగకుండా చెక్క ముక్క దోపింది. స్టూలుని కాలితో సరైన చోటికి జరిపింది.

అంతా పూర్తయ్యాక ఆమెకు షెడ్డులోని నిశ్శబ్దం తెలిసింది. వెర్లీన్ ఆమె చేతుల్ని చూస్తోంది. తర్వాత రాయిస్ చేతుల్ని చూసింది. అవి పెద్దవి, కణుపులు వాచినవి. ఇంకా మూడో సొరుగు మీదే ఉన్నాయి.

“విప్పు” అంది వెర్లీన్ మళ్లీ. ఈసారి ఎవరితో అన్నదో చెప్పలేదు.

నేడీన్ మొదటి తూటా బిగించి సిమెంటు నేల మీద కొట్టింది. రెండో దెబ్బకి గుండు ఊడింది. సుత్తి తలలోంచి మందు పళ్లెంలో పోసింది. నల్లని సన్నని రేకులు. తక్కెడ ముల్లు సరిగ్గా నిలబడాల్సిన చోటే నిలబడింది.

“బాగానే ఉంది” అంది నేడీన్.

ఇంకోటి. బాగానే ఉంది. ఇంకోటి. కొట్టడం, ఒంపడం, తూచడం. ముల్లు గీత దగ్గరికి వచ్చి ఆగడం. మధ్యాహ్నపు గాలికి రేకు గోడ కొద్దిగా అదిరేది, అంతే. రాయిస్ తల వంచుకుని కూర్చున్నాడు. వెర్లీన్ మాత్రం కదలకుండా నిలబడి ప్రతి పళ్లేన్నీ చూసింది. పెట్టె ఖాళీ అవుతున్నకొద్దీ ఆమె మొహంలో ఏదో వదులవుతూ వచ్చింది. ఒక్కటే తప్పింది, మిగతావన్నీ సరిగ్గానే ఉన్నాయి, దేవుడు ఏదో అనుకున్నాడు అని ఇంటికి వెళ్లగలిగేలా ఉంది.

చివరి వరసలో ఉన్నప్పుడు ఒక తూటా మొదటి దెబ్బకే విడిపోయింది. నేడీన్ సుత్తి ఒంపింది. గుండు ఒక్కటే పళ్లెంలో టంగుమని పడింది. ఇంకేమీ రాలేదు.

మళ్లీ ఒంపింది. అరచేతి మీద తట్టింది. గుల్లని వెలుతురుకి ఎత్తి లోపలికి చూసింది. శుభ్రంగా ఉంది.

అప్పుడు కూడా ఆమెకు ఏమీ అనిపించలేదు. అదే ఆమెను భయపెట్టింది. మిగిలిన తూటాలు కూడా విప్పింది. అన్నింట్లో మందు సరిగ్గానే ఉంది. సుత్తి కింద పెట్టింది.

“చెప్పు రాయిస్” అంది వెర్లీన్.

“నాదే. ఏదో పరాకులో...”

“నీ సుత్తి ఎక్కడుందో నీకు తెలీదు రాయిస్.”

అతను చేతులు ఒళ్లోకి లాక్కున్నాడు.

“నీ షెడ్డులో, నీ బల్ల మీద, నీ సుత్తి. మూడో సొరుగు దాకా వెతికావు.”

“నేను నింపాను” అంది నేడీన్. తన గొంతు తనకే వింతగా, వాతావరణ వార్తలు చదువుతున్నట్టు వినపడింది. “ఇవే కాదు. ఎప్పుడూ నేనే. మా డాడీ నేర్పాడు. రాయిస్ వేళ్లకి ఆ గుల్లలు ఆనవు. మగాళ్లంతా వచ్చి రాయిస్‌ని అడుగుతారు, రాయిస్ నాకు చెప్తాడు. ఎవరూ నన్ను అడగలేదు, నేను చెప్పలేదు. గార్లండ్‌వి కూడా నేనే నింపాను.”

వెర్లీన్ కోటు చేతుల్లోంచి వేళ్లు బయటికి తీసి బల్ల అంచు పట్టుకుంది.

“ఎందుకు?” అని అడిగింది రాయిస్‌ని. “ఎందుకు నీ మీద వేసుకున్నావ్?”

“ఎవరు నింపితే ఏముంది వెర్లీన్?” రాయిస్ మొదటిసారి తలెత్తాడు. “పక్కన ఉన్నది నేను. ముందుది పేలినప్పుడు విన్నాను. ‘తప్’ మంది. మామూలు దానికన్నా కాస్త పల్చగా. వాడు పిడి లాగుతున్నాడు. ఆగరా అందామనుకున్నాను. డబ్బా ఉంటే అన్నీ అలాగే వినపడతాయిలే అనుకున్నాను. పంది కూడా అక్కడే నిలబడి ఉంది, గుండు తగల్లేదని వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆగరా అంటే సరిపోయేది. ఒక్క మాట.”

షెడ్డు బయట ఎక్కడో కుక్క మొరిగి ఊరుకుంది. వెర్లీన్ గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

“నువ్వు తప్పు చేసే మనిషివి కాదు నేడీన్. బిస్కట్ పిండి కూడా తూచి కలుపుతావు, నిన్ను చూసి మేమంతా నవ్వుకునేవాళ్లం. ఎలా తప్పింది?”

“తెలీదు.”

“తెలుసు. నీ మొహం చూస్తే తెలుస్తోంది.”

“గుల్లలు పళ్లెంలో వరసలుగా నిలబెడతాను” అంది నేడీన్ నిదానంగా. “వరస వరసకీ మందు పోసి, టార్చి వేసి ఒక్కొక్కదాన్నీ చూసి, అప్పుడు గుండు పెడతాను. ఆ రోజు మధ్యలో లేచాను. తిరిగొచ్చి కూర్చున్నప్పుడు ఎక్కడ వదిలానో అక్కణ్ణుంచే మొదలుపెట్టాననుకున్నాను. టార్చి వెయ్యలేదు.”

“మధ్యలో ఎందుకు లేచావ్?”

“నేడీన్, వద్దు” అన్నాడు రాయిస్.

ఆ మాటతోనే అయిపోయింది. వెర్లీన్ అతని వైపు తిరిగింది, మళ్లీ నేడీన్ వైపు తిరిగింది. ఆమె కళ్లు ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కదిలాయి.

“ఫోనా?”

నేడీన్ సుత్తిని తిరిగి మేకుకి తగిలించింది.

“మా పిల్ల టెస్సాకి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చిందని నేను ఫోన్ చేసిన రోజా? పాస్టరుగారి భార్య పాట పాడినట్టు పాడి చూపించాను. నువ్వు ఊపిరాడక నవ్వుతూ ‘ఆపవే, చస్తాను’ అన్నావు. ఆ రోజేనా?”

“కాదు” అన్నాడు రాయిస్.

“నిన్ను అడగలేదు.”

“ఆ రోజే” అంది నేడీన్.

వెర్లీన్ స్టూలు వెతుక్కుని కూర్చుంది. బల్ల మీద విప్పిన గుల్లలు ఒక పక్క, గుండ్లు ఇంకో పక్క, మధ్యలో మందు చిన్న కుప్పగా ఉంది. అన్నింటికీ దూరంగా, ఎవరూ చెప్పకపోయినా నేడీన్ వేరుగా పెట్టిన ఆ ఒక్క ఖాళీ గుల్ల.

“నేను చాలా రోజుల తర్వాత అంతగా నవ్వాను” అంది వెర్లీన్ చివరికి.

“నేనూ అంతే.”

“నీ మీద అరుద్దామని వచ్చాను. అంటే రాయిస్ మీద. దారంతా కూడబెట్టుకున్నాను. ఇప్పుడు ఒక్క మాట కూడా దొరకట్లేదు.” ఆమె గార్లండ్ కోటు బొత్తాలు పెట్టుకోవడం మొదలుపెట్టింది, తప్పు కన్నాల్లో. “నేను నిన్ను క్షమించానో లేదో తెలీదు. అడగకు.”

“అడగను.”

“రేపు కూడా అడగకు.”

నేడీన్ ఆ ఖాళీ గుల్లని చేతిలోకి తీసుకుంది. చూస్తూ ఉండగా ఇన్నాళ్లుగా మొద్దుబారిన చోట ఏదో సూదిలా కదిలింది. పళ్లెంలో గుల్లల వరసలు కళ్ల ముందు నిలిచాయి. తను లేచిన చోటు. తిరిగొచ్చి కూర్చున్న చోటు.

“రాయిస్” అంది. “ఒకటి వదిలేస్తే ఒకటే తప్పుతుంది. నేను వదిలింది ఒకటి కాదు. వరస.”

“అంటే?”

“వరసకి అయిదు. ఒకటి గార్లండ్ రైఫిల్లో. ఒకటి ఇది.” గుల్ల చూపించింది. “పెట్టె అంతా విప్పాం. ఇంకేవీ లేవు.”

“మిగతావి ఎక్కడున్నాయి?” అన్నాడు రాయిస్.

“రెండో పెట్టెలో.”

వెర్లీన్ వేళ్లు బొత్తాల మీద ఆగాయి. “రెండో పెట్టె ఏంటి?”

“ఆ రోజు కూర్చుని నింపినవి ఒక పెట్టెలో పట్టలేదు. ప్లాస్టిక్ పెట్టె ఇంకోటి లేక, కొట్టులో కొన్న తూటాల అట్టపెట్టె ఖాళీది ఉంటే దాంట్లో సర్దాను. గార్లండ్ రెండూ పట్టుకెళ్లాడు. నీకు ఫోన్లో కూడా చెప్పాను, మీ ఆయనకి రెండు పెట్టెలు సిద్ధమవుతున్నాయని.”

“అట్టపెట్టె” అంది వెర్లీన్. “ఎర్ర గీతలది?”

“అదే. షెరిఫ్ వాళ్లు తీసుకెళ్లలేదా?”

“కొట్టులో కొన్నవనుకున్నారు. అందరం అదే అనుకున్నాం.” వెర్లీన్ లేచి నిలబడింది. స్టూలు వెనక్కి పడిపోయింది. “పొద్దున టెస్సా అడిగింది. పందులు చేను మళ్లీ తవ్వేస్తున్నాయి, డాడీ లేడు కదా అని ఊరుకుంటామా అని. ఆయన పాత రైఫిల్ తీసింది. నేనే... నీలం పెట్టెలోవి చచ్చినా ముట్టుకోకు అన్నాను. చేత్తో నింపినవి మన ఇంట్లో ఇంక వద్దన్నాను. కొట్టులో కొన్నవి బీరువాలో ఉన్నాయి, అవి తీసుకోమన్నాను. నేనే తీసి ఇచ్చాను నేడీన్. నా చేత్తో.”

రాయిస్ అప్పటికే ఫోను చెవికి పెట్టుకున్నాడు. అవతల రింగు అవుతోంది, అవుతూనే ఉంది. పందుల మీదికి వెళ్లినప్పుడు టెస్సా ఫోను ట్రక్కులో వదిలేస్తుందని ముగ్గురికీ తెలుసు. వాళ్ల నాన్నే అలా నేర్పాడు.

రాయిస్ ట్రక్కు తోలాడు. మధ్యలో నేడీన్, కిటికీ పక్కన వెర్లీన్. మట్టిరోడ్డు మీద ట్రక్కు ఎగిరెగిరి పడుతోంది. వెర్లీన్ కిటికీ పూర్తిగా దించి తల బయటికి పెట్టింది.

“ఏమైనా వినపడుతోందా?” అన్నాడు రాయిస్.

“వాళ్ల నాన్న ఇంకో డబ్బా బిగించుకుని వెళ్లింది” అంది వెర్లీన్. “ఏం వినపడుతుంది?”

అయినా తల లోపలికి తీసుకోలేదు. నేడీన్ చెయ్యి ఎప్పుడు చాచిందో, వెర్లీన్ కోటు అంచు గట్టిగా పట్టుకుంది. కాలిన అరచెయ్యి ఇప్పుడు భగ్గుమని మండుతోంది. వెర్లీన్ వదిలించుకోలేదు.

చేను గేటు దగ్గర టెస్సా ట్రక్కు ఆపి ఉంది. అవతల మోకాలెత్తు పచ్చటి గోధుమ, దాని చివర సెడారు చెట్ల నీడలో నల్లటి పందుల గుంపు. గుంపుకి ఇవతల, చాలా దూరంలో, మూడుకాళ్ల స్టాండు వెనక కూర్చున్న మనిషి. నారింజ రంగు టోపీ కనిపిస్తోంది.

ఆమెకి ఇంకా ఏమీ కాలేదు. రాయిస్ గట్టిగా ఊపిరి వదిలాడు.

“టెస్సా!” వెర్లీన్ కిటికీలోంచి అరిచింది. గాలి ఎదురు. మాట తిరిగి ఆమె మొహానికే కొట్టింది.

నేడీన్ రాయిస్ మీంచి వంగి హారన్ మీద రెండు చేతులూ వేసి నొక్కింది. నొక్కి పట్టుకుంది.

నారింజ టోపీ ఇటు తిరిగింది. పెదనాన్న ట్రక్కుని టెస్సా గుర్తుపట్టింది. పందులు బెదిరిపోతాయి, చప్పుడు చెయ్యకండి అన్నట్టు అరచెయ్యి కిందికి ఊపింది, విసుగ్గా.

తర్వాత మళ్లీ అటు తిరిగి, రైఫిల్‌కి చెంప ఆనించింది.